ఆయా జీతానికి సర్కారు సాయం: తిరుపతి, చిత్తూరుల్లో ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు ఏ దారి మేలు?

ప్రసూతి సెలవు ముగియడానికి నెల రోజులు మిగిలి ఉండగా నేను మా కార్యాలయంలో సీనియర్లను అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. ఆయాకు ఇచ్చే జీతంలో కొంతైనా ప్రభుత్వం భరించే పథకం ఏదైనా ఉందా అని అడిగాను. ఒకరు ప్రసూతి పథకం పేరు చెప్పారు, ఇంకొకరు పన్ను మినహాయింపు వస్తుందన్నారు, మరొకరు అంగన్‌వాడీకి వెళ్లి అడగమన్నారు. ముగ్గురూ మేలు కోరే చెప్పినా, ఆ మూడు మాటలూ మూడు వేర్వేరు అవసరాలకు సంబంధించినవని నాకు అర్థమయ్యేసరికి పాపకు ఏడో నెల నిండింది. ఆ ఆలస్యం మరో ఇంట్లో జరగకూడదని ఇది రాస్తున్నాను.

ముందుగా సూటి జవాబు. ఇంట్లో పెట్టుకున్న ఆయాకు మనం ఇచ్చే జీతాన్ని సాధారణ ఉద్యోగికి తిరిగి చెల్లించే పథకం మనకు లేదు. ఈ ఆశ చాలామందికి విదేశాల్లో ఉన్న బంధువుల మాటల వల్ల కలుగుతుంది. ఇంగ్లండులో ఉద్యోగం చేసే తల్లిదండ్రులు పిల్లల సంరక్షణ కోసం తెరిచిన ప్రత్యేక ఖాతాలో 8 పౌండ్లు వేస్తే ప్రభుత్వం 2 పౌండ్లు కలుపుతుంది. ఒక్కో బిడ్డకు ఏడాదికి గరిష్ఠంగా 2,000 పౌండ్ల వరకు ఈ సాయం అందుతుంది. ఆ డబ్బును ఇంటికి వచ్చే ఆయాకు కూడా చెల్లించవచ్చు, అయితే ఆమె ఆఫ్‌స్టెడ్ అనే తనిఖీ సంస్థ వద్ద నమోదై ఉండాలి. మన దగ్గర ప్రభుత్వ సాయం అలా ఖాతాలోకి రాదు. అది సెలవు రూపంలో, బిడ్డను ఉంచే చోటు రూపంలో, ప్రసవ సమయంలో ఒకసారి ఇచ్చే సొమ్ము రూపంలో వస్తుంది. కాబట్టి మన ముందున్న ఎంపిక పథకాల మధ్య అనుకోవడం కంటే, బిడ్డకు ఏ వయసులో ఈ మూడింటిలో దేన్ని ఎంత వాడుకోవాలనే లెక్క అనుకోవడం సరైనది.

ఒక్క మినహాయింపును ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అర్హత ఉన్నవారికే ఇది తెలియకపోవడం నేను చూశాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి వైకల్యం ఉంటే, బిడ్డ పుట్టినప్పటి నుంచి రెండేళ్లు నిండేవరకు శిశు సంరక్షణ కోసం ప్రత్యేక భత్యం ఇస్తారు. ఏడో వేతన సంఘం తరువాత నెలకు 3,000 రూపాయలుగా ఉన్న ఈ భత్యం, కరువు భత్యం 50 శాతానికి చేరడంతో 2024 జనవరి 1 నుంచి 3,750 రూపాయలైంది. మనకు తెలిసిన వాటిలో ఆయా జీతానికి అతి దగ్గరగా ఉన్న నగదు సాయం ఇదే. తిరుపతిలో రైల్వేలో, తపాలా శాఖలో, కేంద్రీయ విద్యాలయాల్లో పనిచేస్తున్న సోదరీమణుల్లో దీనికి అర్హులైనవారు ఉంటే, బిడ్డ పుట్టిన నెలలోనే జీతాల విభాగానికి దరఖాస్తు ఇవ్వాలి.

ఇక అందరికీ వర్తించే లెక్కకు వద్దాం. మొదటి ఆరు నెలల్లో ఆయా ఖర్చును నిజంగా తగ్గించేది జీతంతో కూడిన సెలవే. దీని విలువను చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. ప్రైవేటు సంస్థల్లో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల వేతన సెలవు ఉంటుంది, అందులో ప్రసవానికి ముందు 8 వారాలకు మించి వాడకూడదు. ఇద్దరు బిడ్డలు ఉన్న తరువాత కలిగే కాన్పుకు ఇది 12 వారాలే. 2017 సవరణతో 1961 నాటి ప్రసూతి చట్టంలోకి వచ్చిన ఈ హక్కు, 2025 నవంబరు 21న సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చిన తరువాత కూడా కొనసాగుతోంది. ప్రసవానికి ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలన్నదే ప్రధాన షరతు. ఏజెన్సీ ద్వారా ఒప్పంద పద్ధతిలో పనిచేస్తున్నందువల్ల తమకు ఇది వర్తించదని ఆసుపత్రుల్లోనూ, విద్యాసంస్థల్లోనూ పనిచేసే ఆడపిల్లలు అనుకుంటూ ఉంటారు. ఒప్పంద ఉద్యోగమన్న ఒక్క కారణం చేత ఈ హక్కు పోదు.

ఉద్యోగుల రాజ్య బీమా, అంటే ఈఎస్ఐ పరిధిలో ఉన్నవారికి అదే 26 వారాల వేతనాన్ని యజమానికి బదులు ఈఎస్ఐ కార్పొరేషన్ చెల్లిస్తుంది. నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉన్నవారు దీని పరిధిలోకి వస్తారు. ఉద్యోగి వాటా వేతనంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ప్రసవానికి ముందున్న రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కలిపి 70 రోజులకు చందా జమై ఉండాలి. సగటు దినసరి వేతనం 600 రూపాయలైన ఒక ఉద్యోగిని తీసుకుంటే, 182 రోజులకు ఆమెకు 1,09,200 రూపాయలు అందుతాయి. రేణిగుంట, శ్రీసిటీ ప్రాంతాల కర్మాగారాల్లో పనిచేసే తల్లులు పే స్లిప్పులో ఆ 0.75 శాతం కోత కనబడుతోందో లేదో గర్భం నిర్ధారణ అయిన రోజే చూసుకోవాలి. కోత ఉండి చందా జమ కాని పక్షంలో సరిచేయించుకోవడానికి అప్పటికి ఇంకా సమయం ఉంటుంది, తొమ్మిదో నెలలో ఉండదు.

ప్రధానమంత్రి మాతృ వందన యోజనను వీటితో పోల్చడం సరికాదని నా అభిప్రాయం, అయినా అందరూ అడిగేది దాని గురించే కనుక చెబుతున్నాను. మొదటి కాన్పుకు రెండు విడతల్లో 5,000 రూపాయలు, రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 రూపాయలు ఇస్తారు. ప్రభుత్వ ఉద్యోగినులకూ, చట్ట ప్రకారం ఇలాంటి ప్రయోజనాన్ని వేరేగా పొందుతున్నవారికీ ఇది వర్తించదు. టైలరింగ్ చేసేవారికి, పూల దుకాణం నడిపేవారికి, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజను పనికి వెళ్లేవారికి, వేతన సెలవంటూ లేని ప్రతి తల్లికీ ఇది ముఖ్యం. కుటుంబ ఆదాయం వంటి అర్హతలను చూసి ఆశా కార్యకర్తగానీ, అంగన్‌వాడీ కార్యకర్తగానీ దరఖాస్తు చేయిస్తారు. అయితే దీన్ని ఆయా జీతంగా లెక్కవేసుకోకండి. బాలింత పథ్యానికీ, టీకాల కోసం తిరిగే ఆటో ఖర్చులకూ అది సరిపోతుంది.

ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో అసలు సంపద శిశు సంరక్షణ సెలవు. కేంద్ర ఉద్యోగినికి సర్వీసు మొత్తంలో 730 రోజులు, మొదటి 365 రోజులకు పూర్తి జీతంతో, మిగిలిన 365 రోజులకు 80 శాతం జీతంతో వస్తుంది. బిడ్డకు 18 ఏళ్లు నిండేలోపు దీన్ని వాడుకోవాలి, పిల్లల్లో ముందు పుట్టిన ఇద్దరికే వర్తిస్తుంది. ఒంటరి తండ్రి కూడా దీనికి అర్హుడే. ఆంధ్రప్రదేశ్ ఉద్యోగినులకు మొదట 60 రోజులుగా ఉన్న ఈ సెలవు 2022లో 180 రోజులైంది, దాన్ని విడతలవారీగా తీసుకోవచ్చు. ఉత్తర్వులు మారుతూ ఉంటాయి కనుక దరఖాస్తుకు ముందు తాజా జీఓ ప్రతిని మీ జీతాల బిల్లులు చూసే అధికారి (డీడీఓ) కార్యాలయంలో చూసుకోవడం మంచిది.

ఈ సెలవును ఎలా వాడాలన్న దగ్గరే పొరపాట్లు జరుగుతాయి. ప్రసూతి సెలవు ముగిసిన మరుసటి రోజే ఉన్న రోజులన్నీ ఒకేసారి వాడేసుకునేవారు ఉన్నారు. బిడ్డకు పాలు పట్టే తల్లికి అది సహజమైన కోరిక, దాన్ని తప్పు పట్టను. కానీ పదో తరగతి పరీక్షల ఏడాది, క్రెచ్‌లో, అంటే పిల్లలను పగటిపూట చూసుకునే కేంద్రంలో, పిల్లలు తరచూ జ్వరపడే మొదటి చలికాలం, ఆయా మానేసి కొత్తవారు దొరికేలోపు గడిచే వారాలు, ఇవన్నీ తరువాత వస్తాయి. పైగా కేంద్ర నిబంధనల్లో ఈ సెలవును ఒకసారికి ఐదు రోజులకు తక్కువగా ఇవ్వరు, ఏడాదికి మూడు విడతలకు మించి సాధారణంగా మంజూరు చేయరు. ఉదయం ఎనిమిదింటికి ఆయా రానని ఫోను చేసిన రోజున ఇది పనికిరాదు, ఆ రోజుకు క్యాజువల్ లీవే దిక్కు. అందువల్ల కనీసం సగం రోజులను దాచుకుని, ఏటా కొన్ని క్యాజువల్ లీవులను ఇలాంటి ఉదయాల కోసమే ఉంచుకోమని నా సలహా.

తండ్రుల గురించి ఒక్క మాట చెప్పాలి. ప్రభుత్వోద్యోగి అయిన తండ్రికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. దాన్ని బారసాల పనులకు ఖర్చు చేయకుండా, తల్లి తిరిగి ఉద్యోగంలో చేరే రోజులకు వీలైనంత దగ్గరగా అట్టిపెట్టుకోగలిగితే కొత్త ఆయా పనితీరు గమనించడానికి ఇంట్లో ఒకరు ఉంటారు. అయితే ఆ సెలవుకు గడువు ఉంటుంది కాబట్టి దాన్ని ముందే అడిగి తెలుసుకోవాలి.

ఆరు నెలలు దాటిన తరువాత మూడేళ్లు నిండేవరకు ఉన్న కాలమే అన్నిటికంటే కష్టమైనది. సెలవు అయిపోతుంది, అంగన్‌వాడీలో కూర్చుని ఆడుకునే వయసు రాదు, ప్రైవేటు డే కేర్‌లలో చాలావరకు నడక రాని బిడ్డను తీసుకోవడానికి వెనుకాడతారు. ఇక్కడ ప్రభుత్వ సాయం రెండు రూపాల్లో ఉంది, రెండూ చోటుకు సంబంధించినవే. మొదటిది మీరు పనిచేసే సంస్థలోని క్రెచ్. 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉద్యోగులున్న సంస్థ క్రెచ్ సదుపాయం కల్పించాలని చట్టం చెబుతోంది. ఈ 50 మంది లెక్కలో ఆడవారు మాత్రమే కాక అందరూ వస్తారు, చాలా సంస్థలు ఇక్కడే తప్పు లెక్క చెబుతాయి. సొంతంగా కట్టలేని సంస్థ ప్రభుత్వం, మున్సిపాలిటీ, స్వచ్ఛంద సంస్థ నడిపే ఉమ్మడి క్రెచ్‌ను వాడుకోవచ్చు, నాలుగైదు సంస్థలు కలిసి ఒకటి నడపవచ్చు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు, విశ్రాంతి విరామం ఆ నాలుగింటిలో కలిసే ఉంటుంది. బిడ్డకు 15 నెలలు నిండేవరకు పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలన్న నియమం కూడా ఉంది.

ఈ హక్కును ఎలా అడగాలన్నది నేను కష్టపడి నేర్చుకున్నాను. మా సంస్థలో నోటి మాటగా అడిగినప్పుడు చూద్దామన్నారు, మూడు నెలలు అదే సమాధానం విన్నాను. చివరకు పిల్లలున్న ఐదుగురం కలిసి, పిల్లల వయసులు, మేం వచ్చే వేళలు, సమీపంలో ఖాళీగా ఉన్న ఒక గది వివరం రాసి ఉమ్మడి వినతి ఇచ్చాం. పూర్తి స్థాయి క్రెచ్ రాలేదు గానీ పాలిచ్చే విరామాలు, ఒక శుభ్రమైన గది వచ్చాయి. ఒక్కరే అడిగితే అది సొంత ఇబ్బందిగా కనబడుతుంది. పిల్లల సంఖ్యతో, కాగితం మీద అడిగితే చట్టబద్ధమైన అవసరంగా కనబడుతుంది. ప్రసూతి సెలవు దరఖాస్తుతో పాటే క్రెచ్ ఏర్పాటు గురించి లిఖితపూర్వకంగా వివరం కోరడం మరింత మంచిది, ఎందుకంటే అప్పుడు యాజమాన్యానికి ఆరు నెలల వ్యవధి దొరుకుతుంది.

రెండో రూపం పాల్నా పథకం. 2006లో రాజీవ్ గాంధీ పేరుతో మొదలై తరువాత జాతీయ క్రెచ్ పథకంగా నడిచినదే, మహిళల కోసం కేంద్రం నడిపే మిషన్ శక్తిలో భాగంగా 2022లో ఈ పేరు పొందింది. హిందీలో ఆ మాటకు ఊయల అని అర్థం. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలను చూసుకునే ఈ కేంద్రాలను ఇప్పుడు అంగన్‌వాడీతో కలిపి ఏర్పాటు చేస్తున్నారు. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు నడపాలన్నది నియమం. ఒక్కో కేంద్రంలో 25 మంది పిల్లల వరకు ఉంటారు, ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు చూసుకుంటారు. పోషకాహారం, బరువు కొలతలు, టీకాల తనిఖీ కూడా అక్కడే జరగాలి. తల్లి ఉద్యోగం చేస్తోందా లేదా అన్న భేదం లేకుండా అందరికీ ఇది తెరిచి ఉంటుంది. ఇది పేదవారికే అన్న అపోహతో గుమాస్తాలు, ఉపాధ్యాయినులు, నర్సులు ఆ వైపు చూడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అయితే కేంద్రం ఉందని తెలియగానే చేర్చేయకూడదు. మీ వార్డులో అంగన్‌వాడీ కార్యకర్తను, లేదా అంగన్‌వాడీలను పర్యవేక్షించే అధికారి (సీడీపీఓ) కార్యాలయాన్ని అడిగి క్రెచ్‌తో కలిసిన కేంద్రం ఎక్కడ ఉందో తెలుసుకుని, ముందుగా చెప్పకుండా మధ్యాహ్నం రెండు గంటల వేళ వెళ్లి చూడండి. పిల్లలు పడుకునే వేళ అది. ఎంతమంది పిల్లలకు ఎంతమంది పెద్దలున్నారో, పడకలు ఎంత శుభ్రంగా ఉన్నాయో, మరుగుదొడ్డి నీళ్లు ఎలా ఉన్నాయో, వాకిలికి గొళ్లెం ఉందో లేదో ఆ ఒక్క గంటలోనే తెలిసిపోతుంది. ఏడాది లోపు బిడ్డలు ఇంకా ఎందరున్నారని అడగండి. అందరూ మూడేళ్లవారై మీ బిడ్డ ఒక్కతే పాకే వయసుదైతే, కార్యకర్త ఎంత మంచిదైనా ఆమె దృష్టి సహజంగా పరుగెత్తే పిల్లల వెనుకే ఉంటుంది. అలాంటి చోట బిడ్డకు నడక వచ్చేవరకు ఆగడం మేలు.

ఏడున్నర గంటలన్న పరిమితిని మీ రోజుతో కొలిచి చూసుకోవాలి. తిరుపతిలోనే ఇల్లు, తిరుపతిలోనే ఉద్యోగం అయితే క్రెచ్ దాదాపుగా సరిపోతుంది. మధ్యలో మిగిలే గంటను అవ్వగానీ, పక్కింటివారుగానీ సర్దవచ్చు. కానీ తిరుపతిలో ఉంటూ చిత్తూరు కార్యాలయానికి వెళ్లేవారి సంగతి వేరు. ఒకవైపు ప్రయాణమే సుమారు 70 కిలోమీటర్లు, బస్సులో పోనూ రానూ మూడు నాలుగు గంటలు పడుతుంది. ఉద్యోగ వేళతో కలిపితే బిడ్డకు పదకొండు, పన్నెండు గంటల సంరక్షణ కావాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో స్త్రీలకు టికెట్ లేకపోవడం వల్ల మిగిలే సొమ్ము నిజమైన సాయమే, దాన్ని సాయంత్రం ఆయాకు కేటాయించుకోవచ్చు. కానీ గంటలను ఏ పథకమూ తిరిగి ఇవ్వదు. ఇలాంటివారు క్రెచ్‌కూ ఆయాకూ మధ్య ఒకదాన్నే ఎంచుకోవాలనుకోవడం కంటే, పగలు క్రెచ్, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు ఆయా అన్న ఏర్పాటు చేసుకుంటే ఖర్చు గణనీయంగా తగ్గుతుంది. ఉదాహరణకు రోజంతా ఉండే ఆయాకు నెలకు 12,000 రూపాయలు ఇవ్వాల్సి వస్తుందనుకుంటే, సాయంత్రపు మూడు గంటలకు 4,000 రూపాయలతో పని జరిగితే ఏడాదికి 96,000 రూపాయలు మిగులుతాయి. ఆయా ఖర్చు కోసమని మన దగ్గర ఏ నగదు పథకమూ ఏటా ఇంత ఇవ్వదు.

రాత్రి షిఫ్టు ఉన్న నర్సులకూ, తెల్లవారుజామున కర్మాగారం బస్సు ఎక్కేవారికీ మాత్రం ఈ ఏర్పాటు కుదరదు. వారికి ఇంట్లో మనిషి తప్పదు, కాబట్టి సంస్థ క్రెచ్ షిఫ్టు వేళల్లో కూడా తెరిచి ఉండాలని ఉమ్మడిగా కోరడమే వారికి ఉన్న దారి.

మూడేళ్లు దాటితే భారం చాలా తేలికవుతుంది. అంగన్‌వాడీలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య, వేడి భోజనం ఉంటాయి. మూడేళ్ల లోపు వారికి ఇంటికి ఇచ్చే పోషకాహారం ఎలాగూ ఉంది. తల్లికి వందనం కింద ఏడాదికి 15,000 రూపాయల లెక్కను కొందరు ఈ వయసు పిల్లలకు కలిపి చూసుకుంటున్నారు. అది ఒకటో తరగతి నుంచి ఇంటర్ వరకు చదివే పిల్లలకు సంబంధించినది, అందులోనూ 2,000 రూపాయలు బడి నిర్వహణకు పోగా తల్లి ఖాతాకు 13,000 చేరుతుంది.

పన్ను విషయం క్లుప్తంగా చెబుతాను. ఆయా జీతానికి, డే కేర్ రుసుముకు ఆదాయపు పన్నులో మినహాయింపు లేదు. పాత పన్ను విధానంలో ఉన్నవారు ప్లే స్కూలు, నర్సరీ ట్యూషన్ ఫీజును ఇద్దరు పిల్లల వరకు 1,50,000 రూపాయల ఉమ్మడి పరిమితిలో చూపవచ్చు. కాబట్టి డే కేర్, ప్లే స్కూలు ఒకే చోట నడిపేవారి దగ్గర రసీదులో ట్యూషన్ ఫీజును విడిగా, ఉన్నది ఉన్నట్టుగా చూపించమని అడగాలి. కొత్త విధానం ఎంచుకున్నవారికి ఈ ప్రయోజనమూ లేదు.

అన్నీ చూశాక ఆయానే పెట్టుకోవాలని నిర్ణయించుకున్నవారికి ఇంకొక విషయం చెప్పాలి. ఇక్కడ ప్రభుత్వ సాయం మనకు రాకపోయినా ఆమెకు వస్తుంది. అసంఘటిత కార్మికుల కోసం ఉన్న ఈ-శ్రమ్ పోర్టల్‌లో ఆమె పేరు నమోదు చేయించడం ఒక పూట పని. వయసు 18 నుంచి 40 మధ్య, ఆదాయం నెలకు 15,000 రూపాయల లోపు ఉంటే ప్రధానమంత్రి శ్రమ్ యోగి మాన్‌ధన్ పింఛను పథకంలో వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కట్టవచ్చు. కేంద్రం అంతే మొత్తం కలుపుతుంది, 60 ఏళ్లు నిండాక నెలకు 3,000 రూపాయల పింఛను వస్తుంది. ఆ చందాను మనమే కడితే జీతం మీద అది చిన్న మొత్తం, ఆమెకు మాత్రం మన ఇంట్లోనే కొనసాగడానికి గట్టి కారణం. ఆమెకూ చంటిబిడ్డ ఉంటే పాల్నా కేంద్రం ఆ బిడ్డకు కూడా వర్తిస్తుందని చెప్పి, చేర్పించడానికి వెంట వెళ్లండి. తన బిడ్డ క్షేమంగా ఉందన్న ధీమా ఉన్న మనిషే మన బిడ్డను నిశ్చింతగా చూసుకోగలదు. 14 ఏళ్ల లోపు పిల్లను ఇంటి పనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి నిషేధం, ఊరి నుంచి బంధువుల పిల్లను తెచ్చుకున్నామన్న మాట చెల్లదు.

నా సలహాను కొన్ని కుటుంబాలకు అన్వయించి చెబుతాను. భార్యాభర్తలిద్దరూ రాష్ట్ర ఉద్యోగులై ఒకే ఊళ్లో ఉంటే, ప్రసూతి సెలవు తరువాత శిశు సంరక్షణ సెలవులో రెండు నెలలు మాత్రమే వాడి, తొమ్మిదో నెల నుంచి పాల్నా కేంద్రాన్ని ప్రయత్నించి, మిగిలిన సెలవును దాచుకోవడం మంచిది. ఈఎస్ఐ పరిధిలోని తల్లి 26 వారాలను పూర్తిగా వాడుకుని, ప్రసవానికి ముందు వీలైనంత తక్కువ తీసుకుంటే బిడ్డతో ఎక్కువ వారాలు మిగులుతాయి, అయితే ఆరోగ్యం అనుమతిస్తేనే. ఇంట్లో అవ్వాతాతల ఆరోగ్యం బాగుంటే పగలంతా వారి మీద వదిలేయకుండా, క్రెచ్‌కు తీసుకెళ్లి తీసుకొచ్చే బాధ్యత వరకే వారికి ఇవ్వండి. అరవై దాటిన మోకాళ్లకు పాకే బిడ్డ వెనుక రోజంతా తిరగడం భారం. ఒంటరి తల్లి ప్రైవేటు ఉద్యోగంలో ఉంటే, జీతం రెండు మూడు వేలు తగ్గినా క్రెచ్ నిజంగా నడిపే సంస్థకు మారడం లాభమే. ఆయా జీతంతో పోల్చి లెక్క వేసుకుంటే ఆ మాట నిజమని తెలుస్తుంది.

ఏ దారి ఎంచుకున్నా, ఐదో నెల గర్భంలోనే మీ పరిధి అంగన్‌వాడీలో పేరు నమోదు చేయించుకోండి. తల్లీబిడ్డల కార్డు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు నకళ్లు ఒక కవరులో ఉంచుకోండి. క్రెచ్ కేంద్రంలో పాతికమందికే చోటు ఉంటుంది కాబట్టి, బిడ్డ పుట్టిన మొదటి నెలలోనే వెళ్లి మీ అవసరం చెప్పి వస్తే, ఆరో నెల నిండేసరికి ఖాళీ ఏర్పడినప్పుడు కార్యకర్త ముందుగా మీకే కబురు పెట్టే అవకాశం ఉంటుంది.